చిన్న నాణేలే కావాలన్న మా మేనత్త

పోయిన నెలలో ఒక పొద్దున కెనడా పడమటి కొసనున్న సర్రీ నుంచి వదిన ఫోన్ చేసింది. వదినంటే మా మేనత్త కూతురు. మాకిక్కడ టొరంటో పక్కన ఏజాక్స్‌లో ఎనిమిదైతే వాళ్ళకింకా తెల్లవారదు. ఆ వేళప్పుడు ఫోనంటే మంచి కబురు కాదు. "అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది" అంది. కూతురి దగ్గర నెల్లాళ్ళుండి వస్తానని వెళ్ళిన మనిషి. మా వీధి చివరున్న తన ఇంటి తాళంచెవి మా వంటింట్లో మేకుకి వేలాడుతోంది. మొక్కలకి నీళ్ళు పొయ్యమని నాకిచ్చి వెళ్ళింది.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే, దిగులుగా రాయడం చేతకావడం లేదు. మా అత్త ఎక్కడుంటే అక్కడ హడావుడి. షాపులో కొత్తరకం వంకాయ కనిపించినా, బస్సు రూటు మారినా, ఎదురింటివాళ్ళు తలుపుకి రంగు మార్చినా ఆవిడకది పండగే. ఫోనెత్తితే హలో అనేది కాదు, "ఒరేయ్, విషయం తెలుసా?" అనేది. నాకు యాభై దాటినా ఆవిడకి నేను ఒరేయ్‌నే. "సరదా పుట్టినప్పుడే కానిచ్చెయ్యాలిరా, రేపటికి చల్లారిపోతుంది" అని తరచూ అనేది. అలాంటి మనిషి అన్నిటికన్నా ఎక్కువ సంబరపడ్డ సంగతి ఒకటుంది. అదే చెప్తాను.

మా అత్త కెమిస్టు. సార్నియాలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ ల్యాబులో రిటైరయ్యేదాకా పనిచేసి, ఆ తర్వాతే మా వీధికి వచ్చేసింది. మామయ్య చిన్న వయసులోనే పోతే కూతుర్ని ఒక్కర్తే పెంచింది. యాసిడ్లతో పని కాబట్టి ల్యాబులో ఉంగరాలూ గాజులూ వేసుకోనివ్వరు. అసలావిడ దగ్గర వేసుకోడానికి ఉంటేగా! పెళ్ళినాటి నగలన్నీ సార్నియాలో ఇల్లు కొన్నప్పుడే అమ్మేసింది. అందుకు ఆవిడ బాధపడగా నేనెప్పుడూ చూడలేదు. "నా గొలుసు ఆ పైకప్పులో ఉంది, నా గాజులు ఈ కిటికీల్లో ఉన్నాయి" అని ఇంటికొచ్చిన వాళ్ళకి వేలు పెట్టి చూపించేది. కానీ ఒక్క కోరిక మాత్రం ఉండిపోయింది. పుట్టింటివాళ్ళు పెట్టిందీ కాదు, అత్తింటివాళ్ళు పెట్టిందీ కాదు, తన జీతంతో తాను కొనుక్కున్న బంగారాన్ని ఒక్కసారైనా చేత్తో పట్టుకోవాలి. ఎప్పటికప్పుడు ఏదో ఒకటి అడ్డొచ్చేది. కూతురి చదువు, కారు, చలికాలం మధ్యలో పాడైన, ఇల్లు వేడిచేసే ఫర్నేసు.

ల్యాబులోకి కొత్త మిషన్ వస్తే దానికి పసుపూ కుంకుమా పెట్టకుండా స్విచ్చి వేసేది కాదట. సూపర్‌వైజరు మొదటిసారి చూసి ఈ ఎర్రచుక్క ఏమిటని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా "కాలిబ్రేషన్" అందట. తర్వాత తర్వాత ఏ మిషన్ మొరాయించినా ఆ పెద్దమనిషి ముందు ఈవిడ బల్ల దగ్గరికే వచ్చి, దీనికి చుక్క పెట్టావా లేదా అని అడిగేవాడట. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆవిడే ముందు నవ్వేది.

ఇక్కడ ఉద్యోగాలు చేసేవాళ్ళు ముసలితనం కోసం ఆర్ఆర్ఎస్‌పీ అనే ఖాతాలో దాచుకుంటారు. బయటికి తీసేదాకా దాని మీద టాక్సు ఉండదు. డెబ్భై ఒకటి నిండిన ఏడాది చివరికల్లా దాన్ని ఇంకో రకం ఖాతాలోకి మార్చాలి. ఆ మరుసటి సంవత్సరం నుంచి ఏటా కొంత తప్పనిసరిగా బయటికి తీసుకోవాలి. అత్తకి ఆ ఏడాది రానే వచ్చింది. ఆ ఖాతాలో బంగారు నాణేలు కూడా పెట్టుకోవచ్చని ఎక్కడో చదివింది. ఇంకేముంది!

"ఒరేయ్, విషయం తెలుసా? నా జీతమంతా అందులోనే ఉంది కదరా. దాంతో బంగారం కొనుక్కోవచ్చట!"

వదిన సర్రీ నుంచి స్పీకర్ ఫోన్‌లో, "మామ్, గోల్డ్ డజ్ నాట్ పే ఇంట్రెస్ట్" అంది.

"పక్కింటి పిల్లి కూడా ఇవ్వదే వడ్డీ. దాన్ని చూస్తే నీకు ముద్దు రాదూ? అంతా పెట్టెయ్యనులే, ఓ మూల పెడతాను" అంది అత్త.

ఇక ఏ నాణెం కొనాలన్నది పట్టుకుంది. భోజనాల బల్ల మీద కంచాలు పెట్టుకునే చోటు లేకుండా బొమ్మల కాగితాలు పరిచేసింది. మొదట ఆవిడ మనసు దక్షిణాఫ్రికా నాణెం మీద పడింది. అది ఇరవై రెండు క్యారెట్లు. మన కంసాలి దగ్గర నగ చేయించినా అంతే కదా, రాగి కలిస్తేనే గట్టిదనం, మేలిమి బంగారం మెత్తగా గోటికి కూడా లొంగుతుందని కెమిస్టు హోదాలో నాకో క్లాసు తీసుకుంది. ముచ్చట పడితే కాసులపేరులో గుచ్చుకోవచ్చని మేనత్త హోదాలో ఇంకో మాట కలిపింది. తీరా చూస్తే ఆ ఖాతాలోకి ఇరవై రెండు క్యారెట్లది రానివ్వరు. దాదాపు పూర్తి మేలిమి ఉండాల్సిందే. ఆవిడకి కోపం రాలేదు సరికదా, "చూశావా, మన కంసాలి కన్నా గట్టివాళ్ళు!" అని మురిసిపోయింది.

తర్వాత రంగులేసిన పక్షుల బొమ్మల నాణేలు నచ్చాయి. వాటికి బంగారం విలువ కన్నా బొమ్మకే ఎక్కువ తీసుకుంటారు. అలాంటివీ ఖాతాలోకి కుదరవన్నారు. చివరికి తేలింది మన కెనడాదే, మేపుల్ ఆకు ఉన్నది. "బొమ్మలో చూస్తే ఏం తెలుస్తుందిరా, చేత్తో పట్టుకుంటే కదా" అని ఒక శనివారం నన్ను టొరంటోకి డ్రైవ్ చేయించింది. దారి పొడుగునా ఔన్సుని కాసుల్లోకి మారుస్తూనే ఉంది. ఔన్సంటే నాలుగు కాసులకి వీసమెత్తు తక్కువట.

దుకాణంలో కౌంటరు దగ్గరున్నావిడ మఖమల్ గుడ్డ మీద ఒక ఔన్సు నాణెం పెట్టింది. అత్త భూతద్దం తీసింది. ఆకు ఈనెలు చూసింది, అంచు చూసింది, వాసన కూడా చూసింది. అక్కడితో ఆగిందా, "ఒక్కసారి గాజు మీద మోగించి చూస్తానమ్మా" అని ఇంగ్లీషులో అడిగి చెయ్యెత్తింది. కౌంటరావిడ రెండు చేతులూ అడ్డం పెట్టి కేక వేసింది. గీత పడితే ధర పడిపోతుందట. నేను సిగ్గుతో గోడవైపు తిరిగాను. తిరిగి చూసేసరికి అత్త కార్డు తీసి, ప్లాస్టిక్ కవర్లో సీలు వేసిన అలాంటి నాణెమే ఒకటి కొనేసింది! ఈ ఇంట్లో పాత ఫర్నేసు మార్చడానికి ఉంచుకున్నదంతా దాని మీద పెట్టేసింది. "ఖాతాలో వేశాక అందులోంచి తీసి సర్దేస్తాలేరా" అంది. ఇది రిటైర్మెంటు ఖాతా కోసమని ఆ దుకాణంలో ఒక్క మాట చెప్పలేదు. చెప్పే తీరిక ఎక్కడిది, కళ్ళు నాణెం మీదే ఉన్నాయి.

ఇంటికెళ్ళగానే స్నానం చేసింది. ప్లాస్టిక్ కవరు కత్తిరించి, నాణేన్ని పాలతో కడిగి, పసుపూ కుంకుమా పెట్టి అమ్మవారి ముందుంచింది. మమ్మల్నందర్నీ పిలిచి ప్రసాదం పెట్టింది. సోమవారం ఖాతా వాళ్ళకి ఫోన్ చేసి, నాణెం తెచ్చి ఎవరికివ్వాలని అడిగింది. స్పీకర్‌లో నేనూ విన్నాను.

"మేడమ్, ప్యాకేజింగ్ ఓపెన్ చేశారా?" అంది అటువైపు అమ్మాయి.

"మరి చెయ్యకుండా బొట్టెలా పెడతానమ్మా?"

ఆ అమ్మాయి చాలా ఓపిగ్గా చెప్పింది. ఖాతాలోకి వెళ్ళే నాణెం అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి నేరుగా వాళ్ళ లాకర్‌కే వెళ్ళాలి. ఇంటికొచ్చింది తీసుకోరు. ఖాతాలో ఉన్నంతకాలం అది ఇంటికి రాదు కూడా.

మర్నాడు మళ్ళీ టొరంటో వెళ్ళాం. కవరు కత్తిరించారు కాబట్టి దుకాణంవాళ్ళు కొంచెం తగ్గించి వెనక్కి తీసుకున్నారు. ఆకు ఈనెల్లో కుంకుమ ఇంకా ఉంది. వచ్చేటప్పుడు కారులో అత్త మాట్లాడలేదు. అంతసేపు ఆవిడ మాట్లాడకపోవడం నేనెరగను. మా తర్వాతి ఊరు విట్బీ బోర్డు కనపడేదాకా మా ఎగ్జిట్ దాటిపోయిన సంగతి కూడా నాకు తెలియలేదు. "వచ్చిన చుట్టం కాఫీ అన్నా తాగకుండా వెళ్ళిపోయినట్టుందిరా" అంది చివరికి. "నా జీతంతో నేను కొన్నది నాకే చూపించనప్పుడు, అది బంగారమైతేనేం, బఠాణీలైతేనేం?" ఆ మాటకి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక వదిలేస్తుందనుకున్నాను.

వదల్లేదు. వారం తిరక్కముందే పొద్దున్నే ఫోన్. నేనింకా పళ్ళు తోముకుంటున్నాను.

"ఒరేయ్, విషయం తెలుసా? వచ్చే ఏడాది నుంచి ఏటా కొంత బయటికి తియ్యాల్సిందే కదా? డబ్బుగానే తియ్యాలని ఎక్కడుంది? నాణెమే తీసుకుంటే?"

నాకర్థమయ్యేలోగా ఆవిడ ఆలోచనలో మూడు మెట్లు పైకెక్కేసింది. ఔన్సు నాణెమైతే దాన్ని కొయ్యలేం. అదే ఔన్సులో పదోవంతు ఉండే చిన్నవి కొంటే, ఏటా తీయాల్సిన దాంట్లో ఒకదాన్ని నాణెంగానే తెప్పించుకోవచ్చు. దాని విలువకి ఎంత టాక్సో అంత కట్టేస్తే అది ఇంటికి వస్తుంది. ఖాతా వాళ్ళని అడిగితే, అలా ఎవరూ అడగరు గానీ ఇవ్వచ్చన్నారు. పంపించే ఖర్చు మనదే. ఫోన్‌లో ఆవిడ గొంతు వింటే పెళ్ళిముహూర్తం పెట్టుకున్నవాళ్ళు గుర్తొచ్చారు.

నేనూ వదినా ఒక్కటై లెక్క చెప్పాం. చిన్న నాణేలకి అదే బరువుకి ధర ఎక్కువ పడుతుంది, తిరిగి అమ్మితే అంతా రాదు, పెద్దది కొనడమే తెలివైన పని. వదిన గట్టిగానే అంది, "మామ్, యూ ఆర్ పేయింగ్ ఎక్స్‌ట్రా ఫర్ నథింగ్!"

"నథింగ్ ఏమిటే? ఆ ఎక్కువ నా చేతి దాకా రావడానికి ప్రయాణం చార్జీ అనుకో" అంది అత్త. "మీ లెక్క మీరు చెప్పారు, బావుంది. నేను బళ్ళో ఉన్నప్పట్నుంచీ ఫస్టు మార్కులే తెచ్చుకున్నాను, నాకూ లెక్కలొచ్చు. డెబ్భై ఒక్కేళ్ళ దానికి మళ్ళీ అమ్మినప్పుడు ఎంతొస్తుందన్నదా ముఖ్యం? పట్టుకుంటానా లేదా అన్నదే ముఖ్యం."

ఈసారి ఖాతా ద్వారానే చిన్న నాణేలు కొంది, అవి నేరుగా లాకర్‌కి వెళ్ళాయి. ఖాతా మార్పించింది. ఇక కొత్త సంవత్సరం ఎప్పుడొస్తుందా అని చిన్నపిల్లలా ఎదురుచూసింది. ఎవరింటికెళ్ళినా నాణేల గురించే. గుళ్ళో కలిసిన రిటైరైన డాక్టరు గారికి కూడా పెద్ద నాణెం కొనద్దని సలహా ఇచ్చేసింది. ఆయన తనకు షేర్లే తప్ప బంగారం లేదంటే, ఆయన మీద జాలిపడింది.

ఆవిడ ఇంటికి తెప్పించుకున్నది పోయిన ఏడాది వచ్చిన ఆ ఒక్క నాణెమే. రెండోది ఈ ఏడాది రావాలి. అంతలో సర్రీ నుంచి ఫోనొచ్చింది. మిగిలినవన్నీ ఇంకా ఆ లాకర్లోనే ఉన్నాయి, వాటి సంగతి వదిన చూసుకుంటుంది. ఇదంతా తలుచుకున్నప్పుడల్లా నాకు కలిగేది సంతోషమే. నేనూ వదినా చెప్పిన తెలివైన లెక్క విని ఉంటే, ఆ ఒక్కటీ ఆవిడకి దక్కేది కాదు.

అది వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఫిబ్రవరి, ముందురోజంతా మంచు కురిసింది. సంతకం పెట్టి తీసుకోవాల్సిన పార్సిల్ కాబట్టి పొద్దున్నుంచీ కోటు వేసుకుని కిటికీ దగ్గరే కూర్చుంది. వ్యాన్ ఆగగానే నేను లేచేలోపు గడప దాటేసింది. డ్రైవరు వెళ్ళిపోయాడు. లోపలికి రా అత్తా, చలికి చచ్చిపోతావని అరుస్తున్నాను, వింటేగా! మెట్ల మీదే పెట్టె చింపింది. చొక్కా బొత్తామంత నాణెం. వేళ్ళు కొంకర్లు పోతున్నా విప్పి అరచేతిలో పెట్టుకుంది. "అబ్బ, మంచుగడ్డలా ఉందిరా!" అని గట్టిగా నవ్వింది. గుప్పిట మూసి, ఆ గుప్పిట మీద రెండో చెయ్యి వేసి, నోటితో ఆవిరి ఊదుకుంటూ అక్కడే నిలబడింది. నేను తలుపు తెరిచి పట్టుకునే ఉన్నాను. ఆ బంగారం తన చేతిలో వెచ్చబడేదాకా మా అత్త లోపలికి రాలేదు.