పిడికిలి దూరేంత వదులు

మొన్న ఆదివారం మేడ మీద తీగకు ఆరేసిన నా చలి జర్కిన్‌ను మడతపెడదామని తీసి, రెండు చేతులతో గుండెకు అదుముకున్నాను. లోపలి గాలి కుట్ల సందుల్లోంచి ఉస్సుమంటూ బయటికి వచ్చింది. ఎండకు కాగిన నైలాను వాసన ముక్కుకు తగిలింది. చేతులు సడలించగానే అది మెల్లగా మళ్ళీ ఉబ్బింది. పక్క మేడ మీద వడియాలు పెడుతున్నావిడ చూసి, "బెజవాడలో దాన్నెప్పుడు వేసుకుంటారండీ?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఉస్సుమనే చప్పుడు వింటే నాకు వీరరాఘవయ్య గారు గుర్తుకొస్తారు. ఏ చలిబట్ట కనబడినా ఆయన ముందు దాన్ని పిడికిట్లో నలిపి, వదిలేసి, ఎంతసేపట్లో మళ్ళీ లేస్తుందో చూసేవారు. రంగూ ధరా ఆ తర్వాతే అడిగేవారు.

తొంభైల చివర్లో కొండపల్లి దగ్గరి థర్మల్ స్టేషన్‌లో నాకు జూనియర్ ఇంజనీరుగా ఉద్యోగం వచ్చింది. వీరరాఘవయ్య గారు మా విభాగానికి పెద్ద. ఆవిరి గొట్టాల్లోంచి వేడి బయటికి పోకుండా చుట్టూ కప్పే పని మాది. ఆయన పెడనలో మగ్గాల ఇంట్లో పుట్టారు. పొడుగైన మనిషి, మెడ కొంచెం ముందుకు వంగి ఉండేది. బట్టను చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య రుద్ది చూసే అలవాటు ఇంజనీరయ్యాక కూడా పోలేదు. నేను చేరిన మొదటి వారం ఒక పెద్ద గొట్టం దగ్గరికి తీసుకెళ్ళి, "చెయ్యి పెట్టి చూడమ్మా" అన్నారు. లోపల నిప్పులాంటి ఆవిరి పోతోందని తెలుసు గనక నేను జంకాను. ఆయనే ముందు అరచెయ్యి ఆనించారు. నేనూ ఆనించాను. పైనున్న రేకు గోరువెచ్చగా ఉంది, అంతే. "లోపల దూదిలాంటిది చుట్టాం. పని చేస్తున్నది ఆ దూది కాదు, దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి. దూది చేసేదల్లా ఆ గాలిని కదలకుండా పట్టుకోవడమే" అన్నారు. ఇంకాస్త దూరం నడిపించి, రేకు చిరిగి వాననీళ్ళు దిగిన చోటు చూపించారు. అక్కడ మాత్రం మొహానికి సెగ కొట్టింది. "తడిసింది. గాలి ఉండాల్సిన చోట నీళ్ళున్నాయి. ఇక అది ఉన్నా లేనట్టే." కాలేజీలో నాలుగేళ్ళు చదివిన పాఠం నా అరచేతికి ఎక్కింది మాత్రం ఆ పూటే.

ఆయనకు కొండల పిచ్చి. ఏటా మే నెలలో, మా ఊరు పెనంలా కాలుతున్నప్పుడు, స్టేషన్ ఉద్యోగుల్లోంచి ఆరేడుగురిని పోగుచేసి ఉత్తరాది మంచుకొండల్లో నడవడానికి తీసుకెళ్ళేవారు. నేనూ వస్తానంటే వద్దనలేదు. "రోజూ పొద్దున్నే కొండపల్లి కోట మెట్లెక్కు. ఈలోగా మంచి జర్కిన్ వెతుక్కో" అన్నారు. ఇంటికెళ్ళి మా అమ్మతో జాకెట్టు కొనుక్కోవాలన్నాను. "ఏ చీర మీదికే?" అంది అమ్మ. మంచులో వేసుకునేదని చెప్పాక చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక పెళ్ళికాని పిల్ల కొండలెక్కడం ఏమిటని బెంగపెట్టుకుంది. వీరరాఘవయ్య గారి భార్య అన్నపూర్ణ గారు మా ఇంటికొచ్చి, "మా ఆయన వెంట వెళ్ళిన వాళ్ళందర్నీ తిరిగి తెచ్చారండీ. కొత్తిమీర కట్ట మాత్రం ఒక్కసారీ గుర్తుపెట్టుకుని తేలేదు" అని చెప్పి అమ్మను ఒప్పించారు.

ఆ రోజుల్లో విజయవాడలో అలాంటి జర్కిన్ దొరకడం గగనం. చలికాలంలో టిబెట్ వాళ్ళు రోడ్డు పక్కన డేరాలు వేసి స్వెట్టర్లు అమ్మేవారు. అక్కడ నాకు ఒక ఎర్ర జర్కిన్ కనబడింది. లోపల బాతు ఈకలు నింపారట. చేత్తో పట్టుకుంటే ఏమీ పట్టుకున్నట్టు లేదు. దాని పక్కన పాలిస్టర్ దూది నింపిన ఇంకొకటి వేలాడుతోంది. బురద రంగు, దానికంటే బరువు. నా మనసు ఎర్రదాని మీదే ఉంది. సార్‌ని అడిగాకే కొంటానని డేరా ఆవిడకు చెప్పి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం ఆయన నన్ను క్వార్టర్స్‌కు రమ్మన్నారు. వెళ్ళేసరికి పెరట్లో బకెట్టు నిండా నీళ్ళున్నాయి. కోతలైన పొలాల్లో బాతుల్ని మేపుకునే వాళ్ళ దగ్గర అడిగి తెచ్చిన ఈకలు ఒక గుడ్డసంచిలో ఉన్నాయి. రెండో సంచిలో పాలిస్టర్ దూది. అది ఎక్కడిదో వంటింట్లోంచి వినబడుతూనే ఉంది. "మొన్ననే కొన్న దిండమ్మా అది! చుట్టాలొస్తే ఏం వెయ్యను?" అంటున్నారు అన్నపూర్ణ గారు. ఆయన విననట్టే రెండు సంచులూ ముందు పొడిగా నా చేతికిచ్చారు. ఈకల సంచి మెత్తగా, తేలిగ్గా ఉంది. పట్టుకున్న అరచెయ్యి అప్పటికే వెచ్చబడింది. తర్వాత రెంటినీ నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ ఇచ్చారు. ఈకలు ముద్దకట్టి చచ్చిన కప్పలా వేలాడాయి. పాలిస్టర్ దూది తడిసినా పిడికిట్లో నలిపి వదిలితే సగానికి పైగా లేచింది.

"అయితే ఎర్రది మంచిది కాదంటారా సార్?"

"అలా ఎందుకంటాను? పొడిగా ఉన్నంతసేపూ ఈకల్ని మించింది లేదు. తేలిక, వెచ్చన, చిన్న సంచిలో ఇమిడిపోతుంది. కానీ మనం వెళ్ళేచోట మధ్యాహ్నమైతే వాన, వానలో మంచు. ఆరబెట్టుకోడానికి ఎండ ఉంటుందో ఉండదో. ఎక్కడికి వెళ్తున్నావో ముందు చూసుకో, తర్వాత బట్ట చూసుకో."

ఆ సాయంత్రం నాతోపాటు డేరాకు వచ్చారు. బురద రంగువాటిలో నాలుగైదు సైజులు తీయించారు. కుట్లు వేలితో తడిమి, "కుట్టు పడ్డచోట దూది నొక్కుకుపోతుంది, చలి దారి చూసుకునేది అక్కడే. ఈ పక్క నుంచి ఆ పక్కకు సూటిగా దిగిన కుట్లు ఎంత తక్కువుంటే అంత మంచిది" అన్నారు. జిప్పు వెనక గాలిని ఆపే పట్టీ ఉందో లేదో చూశారు. నా చేత స్వెట్టర్ మీద జర్కిన్ తొడిగించి రెండు చేతులూ పైకెత్తమన్నారు. ఎత్తితే వెనక నడుం బయటపడింది. ఒక సైజు పెద్దది తొడిగించారు. "ఇప్పుడు నీ పిడికిలి లోపలికి దూర్చు. దూరిందా? అదీ కొలత. బిగుతుగా ఉంటే దూది అణిగిపోతుంది, ఇక గాలెక్కడుంటుంది?"

డేరా ఆవిడ అద్దం పట్టుకుంది. పెద్ద సైజులో నేను ధాన్యం బస్తాలా ఉన్నాను. కొండల్లో దిగబోయే ఫొటోలన్నీ కళ్ళముందు మెదిలాయి. ఇరవైమూడేళ్ళదాన్ని. చిన్నదే తీసుకుంటానన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, "చెప్పాల్సింది చెప్పాను. వేసుకునేది నువ్వు" అన్నారు. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

మే నెలలో ఏడుగురం దిల్లీ రైలెక్కాం. ఆయనకు అది రిటైర్మెంటుకు ముందు ఆఖరి ప్రయాణం. రెండుసార్లు దగ్గరిదాకా వెళ్ళి మంచు అడ్డొచ్చి చూడలేకపోయిన ఒక కనుమ ఉంది. ఈసారి దాన్ని దాటి అవతలి లోయలోకి దిగాలని ఏడాదిగా పటాలు ముందేసుకు కూర్చున్నారు. నాలుగు రోజులు నడక హాయిగా సాగింది. అయిదో రోజు పొద్దున కనుమ వైపు ఎక్కుతుంటే సన్నటి మంచుజల్లు మొదలైంది. పైన వేసుకున్న ప్లాస్టిక్ వానకోటు గాలికి చిరిగింది. కర్ర ఎత్తి అడుగువేసిన ప్రతిసారీ జర్కిన్ పైకి జరిగి, నడుం మీదికి చల్లటి గాలి కత్తిలా దిగేది. భుజాల దగ్గర బట్ట అంటుకుపోయి ఉంది. మొదట ఒణికాను. ఎవరూ చూడకుండా పళ్ళు బిగించాను. వచ్చిన ఒక్క ఆడపిల్లకే చలేసిందంటారని భయం. సార్ చెప్పిన సైజు తీసుకోలేదన్న సిగ్గు అంతకంటే ఎక్కువ. ఆయన వెనక్కి తిరిగి, "ఎలా ఉన్నావమ్మా?" అన్నప్పుడల్లా "బాగున్నాను సార్" అనేదాన్ని. కాసేపటికి ఒణుకు ఆగింది. ఒంటికి అలవాటైందనుకున్నాను. నిజానికి కాళ్ళు నావి కానట్టున్నాయి.

కనుమ కనబడుతూనే ఉంది. ఇంకో గంట నడక ఉందేమో. ఆయన నా పక్కకు వచ్చి ఏదో అడిగారు. జవాబు చెప్పబోతే నాలుక మడతపడింది. ఆయన వెంటనే అందర్నీ ఆపారు. ఒక బండ చాటున కూర్చోబెట్టి, తన సంచిలో ఇంకెవరికైనా పనికొస్తుందని మోసుకొచ్చిన పెద్ద జర్కిన్ తీశారు. నా తడి బట్టలు మార్పించి దాన్ని తొడిగి, టోపీ పెట్టి, గోరువెచ్చటి బెల్లం నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించారు.

"ఎప్పటినుంచి చలేస్తోంది?"

"పొద్దున్నించీ సార్."

"మరి నేనడిగినప్పుడల్లా బాగున్నానన్నావు!" ఆయన గొంతు పెంచగా నేను వినడం అదే మొదటిసారి. అదే ఆఖరు కూడా. "సైజు తప్పు కొన్నందుకు నాకేం కోపం లేదు. అది దిద్దుకోవచ్చు. నువ్వు చెప్పకపోతే నేనేం దిద్దను?"

తర్వాత కనుమ వైపు చూశారు. ఎంతోసేపు కాదు. "దిగుదాం పదండి" అన్నారు. ఎవరో, "మేం ముగ్గురం పైకి వెళ్ళొస్తాం" అన్నారు. "ఏడుగురం వచ్చాం, ఏడుగురం దిగుదాం" అన్నారాయన. దిగేదాకా నా ముందు నడుస్తూ, నాచేత మా స్టేషన్‌లోని గొట్టాల పేర్లన్నీ వరసగా చెప్పించారు. నా నాలుక సరిగ్గా తిరుగుతోందో లేదో వినడానికి అలా చేశారని కింద గుడారంలో తేరుకున్నాక అర్థమైంది.

తిరిగొచ్చాక కాలనీలో అందరూ కనుమ సంగతి అడిగారు. "వాతావరణం అనుకూలించలేదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేవారు. నా పేరు ఎక్కడా రానివ్వలేదు. నాకది మరీ భారమైంది. ఒక సాయంత్రం క్వార్టర్స్‌కు వెళ్ళి, "మీ కనుమ నా వల్ల పోయింది సార్" అంటూ ఏడ్చేశాను. ఆయన జామపళ్ళు కోస్తున్నారు. ఒక ముక్క నాకిచ్చి, "కనుమ చూడాలని నాకు చాలా ఉండేదమ్మా, లేదని అబద్ధం చెప్పను. కానీ ఆ రోజు గుడారంలో నువ్వు రెండోసారి అన్నం పెట్టించుకున్నావు చూడు, అది చూశాక నాకు బాగా నిద్రపట్టింది" అన్నారు. అన్నపూర్ణ గారు ఉప్పూకారం గిన్నె తెచ్చి మా మధ్య పెట్టి, "ఇంకా నయం, ఈ పిల్ల వల్లయినా ఓ రోజు ముందొచ్చారు" అన్నారు. ఏడుస్తూనే నవ్వాను.

ఆ చలికాలం అదే డేరాకు వెళ్ళి ఒక సైజు పెద్దది కొనుక్కున్నాను. ఆయన రిటైరయ్యారు, మోకాళ్ళు మొరాయించాయి. బృందాన్ని తీసుకెళ్ళే పని నెమ్మదిగా నా మీద పడింది. రెండేళ్ళ తర్వాత, వాన వెలిసిన ఒక పొద్దున, మేం ఆ కనుమ దాటాం. కిందికి దిగాక ఒక చిన్న ఊళ్ళోంచి పెడనకు ఫోన్ చేశాను. అప్పటికి ఆయన అక్కడ తమ్ముడి మగ్గాల దగ్గర ఉంటున్నారు. కనుమ ఎలా ఉందని అడుగుతారనుకున్నాను.

"చలేసిందా?" అన్నారు.

"వేసింది సార్. చెప్పాను. అందరం ఆగి, టీ తాగి, మళ్ళీ ఎక్కాం."

అవతలి నుంచి చాలాసేపు నవ్వు వినబడింది. "ఇక చెప్పు, అవతలి లోయ ఎలా ఉంది?" అన్నారు అప్పుడు. పచ్చిక గురించీ, రెండుగా చీలిన వాగు గురించీ, గొర్రెల మెడల్లో గంటల గురించీ చెప్పాను. ఫోన్ బూత్ బయట నిలబడ్డవాళ్ళు తలుపు తట్టేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆయన పోయి కొన్నేళ్ళయింది. నేనిప్పటికీ ఏడాదికోసారి కొత్తవాళ్ళను కొండలకు తీసుకెళ్తాను. బట్టలు ఎలా ఎంచుకోవాలో అందరికీ చెబుతాను. కొందరు వింటారు, కొందరు అద్దం మాటే వింటారు. నేను కోప్పడను. నడక మొదలై, గాలి కొంచెం చురుక్కుమనగానే మాత్రం ఒక పని చేస్తాను. అందరికంటే ముందు ఆగి, అందరికీ వినబడేలా, "అబ్బ, నాకు చలేస్తోందర్రా!" అంటాను. ఆ తర్వాత వెనక వరుసలోంచి ఎవరో ఒకరు మెల్లగా, "నాక్కూడానండీ" అంటారు.