మైకులో వినబడిన గుండె

ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చుని, నా ఒళ్లో బైబిలు చూసి మాట కలిపాడు. బోయిగూడలో ఉంటాడట. మొన్నమొన్నటి దాకా స్కూలు బస్సు నడిపాడట.

"మా చర్చిల ఫ్రీగ గుండె పరీక్షలు పెట్టిన్రు బిడ్డా. నా గుండెల ఏందో తేడా ఉందన్నరు. ఆదివారం పాస్టరయ్య మైకుల నా పేరు, నా గుండె సంగతి చెప్పి, అందరితోని ప్రార్థన చేయించిండు. ప్రేమతోనే చేసిండు, కాని నన్ను ఒక్క మాట అడగలే. మా బస్సుల వచ్చే పిల్లల అమ్మానాన్నలు సుత ఆడనే ఉన్నరు. సోమవారం స్కూలోళ్లు బస్సు తాళాలు తీసుకున్నరు."

పసిపిల్లల బస్సు కదా, స్కూలువాళ్లది తప్పని నేను అనలేకపోయాను.

"పెద్ద డాక్టరుకు చూపించుకోలేదా?"

"చూపించిన. ఏం లేదన్నడు. గా ముచ్చట మైకుల ఎవరు చెప్తరు?"

ఇంతలో నా రైలు వచ్చింది. లేస్తూ అలవాటుకొద్దీ అన్నాను: "మీ కోసం ప్రార్థన చేస్తానండీ. మీ పేరు చెప్పండి."

ఆయన చేతులు జోడించాడు.

"చెయ్ బిడ్డా. పేరు లేకుండ చెయ్. ప్రభువుకు ఎరుకే."