ఉప్పుడు వడ్ల కళ్లంలో గిటార్లు

మొన్న కోదాడలో మా డాబా మీద మినుములు ఎండబోసి కాలితో నెరుపుతున్నాను. పక్కనే కూర్చున్న మనుమరాలి ఫోనుకున్న చెవితీగ ఊడి పాట బయటికి వినపడేసరికి నా పాదాలు వాటంతటవే దరువు అందుకున్నాయి.

ఆ దరువు నా పాదాలకు అంటింది 1990 ఏప్రిల్‌లో. తేదీల దగ్గర నేను సుమారు అనే మాట వాడను. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు కళ్లానికి మా నాయిన మేస్త్రీ, బస్తాల లెక్క నాది. సూర్యాపేట హాస్టల్లో చదివే మా చెల్లెలు వేసవి సెలవులకని స్నేహితురాలి టేప్‌రికార్డరూ, ఒక విదేశీ రాక్ బృందం మొట్టమొదటి ఆల్బం క్యాసెట్టూ అడిగి తెచ్చుకుని, ఉడికిన వడ్లను కాళ్లతో తిరగదోసే ఆడవాళ్ల మధ్య పెట్టింది. కవరు మీద పొదల్లాంటి జుట్లు, ఎర్రటి పెదవులు.

"ఈ పోరీలు నెత్తికి ఏం నూనె రాస్తరో అడుగు బిడ్డా" అంది అందరిలో పెద్దదైన అవ్వ.

"గాళ్లు మొగోళ్లే అవ్వా!" అంది చెల్లెలు.

"మొగోళ్లా? మరి మా ముసలోనికి గట్లెందుకు మొలవలేదే!"

కళ్లమంతా ఘొల్లుమంది. ఆ నవ్వు నాయిన చెవిన పడింది. "పని ఆగుతున్నది. ఆదివారం పోయి ఆ డబ్బా ఇచ్చిరా" అన్నాడు. వేసవంతా ఆ పాటలతోనే గడపాలనుకున్న చెల్లెలు ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

నిజానికి ఆ పాటల్లో ఉన్నది ఒట్టి మోత కాదు. గిటార్లు ఎంత గర్జించినా అడుగున జోలపాటంత తేలికైన రాగం ఒకటి నడిచేది, చరణం చివర అందరూ కలిసి ఎత్తుకుంటే నాట్ల పాటకు వంత పాడినట్టుండేది. ఆ బృందం తర్వాతి క్యాసెట్లూ విన్నాను, నునుపు పెరిగింది గానీ తొలిదానిలోని ఆకలి వాటిలో లేదు.

శనివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. ఆడవాళ్లు వడ్లు లాగే చెక్కలందుకున్నారు. "పెట్టు బిడ్డా, ఆ జుట్లోళ్ల పాట!" అని అవ్వ అరిచింది. మాటలు తెలియకపోయినా అందరూ గొంతు కలిపి, దరువుకొక లాగు చొప్పున వడ్లు కుప్పలు చేశారు. పాట వినబడి కోపంగా పరుగెత్తుకొచ్చిన నాయినకు, చినుకు పడకముందే పట్టాలు కప్పిన కుప్పలు కనిపించాయి.

ఆదివారం పొద్దున చెల్లెలు సంచి సర్దుకుంటుంటే నాయిన బజారు నుంచి సెల్లులు తెచ్చి అరుగు మీద పెట్టాడు. "టార్చికని తెచ్చిన, మిగిలితే వాడుకో" అన్నాడు. మా టార్చికి రెండు చాలు. ఆయన తెచ్చినవి ఆరు, టేప్‌రికార్డరుకు సరిగ్గా సరిపోయేవి.

ఇప్పుడు మిల్లుల్లో వడ్లను యంత్రాలు ఆరబెడుతున్నాయి, పాట ఎవరి చెవిలో వాళ్లకే మోగుతోంది. మొన్న ఈ కథంతా చెప్పి, గట్టిగా పెట్టమని మనుమరాలిని అడిగాను. అది ఫోను పిట్టగోడ మీద పెట్టి, చెప్పులు విడిచి, మినుముల్లోకి దిగింది.