కొవ్వొత్తి ముందు గడియారాలాయన

గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ గడియారాలాయన అనే పిలిచేవారు. ముప్పై ఏళ్లుగా ఒకటే బల్ల, ఒకటే కిటికీ. కుడికంటికి భూతద్దం బిగించి, ఎడమకన్ను మూసి పనిలో దిగితే పక్కన పిడుగు పడ్డా పలికేవారు కాదు. అలాంటి మనిషి ఈమధ్య మరలు పారేసుకోసాగారు. భూతద్దం తీసి, ఆవగింజంత మరను గిన్నెలో వేయబోతే అది గిన్నె పక్కన పడేది. ఆపైన బల్లకింద దేవులాట.

"ధ్యాస నిలవడం లేదే. ఇంకొక్క మర పోగొట్టానంటే కొట్టు మూసేస్తాను," అన్నారు భార్యతో. అన్నారే గాని ఆ పూట ముద్ద దిగలేదు.

గడియారం బాగుచేయించుకోవడానికొచ్చిన యోగా మాస్టారు త్రాటకం నేర్పారు. రెప్ప వేయకుండా మంటను చూడాలి, కళ్లలో నీళ్లు తిరగగానే మూసుకుని ఆ వెలుగునే లోపల చూసుకోవాలి. ధ్యాస కుదురుతుందట. కళ్లజోడు కూడా పోతుందన్నది మాత్రం గడియారాలాయన సొంతంగా కలుపుకున్న మాట.

రోజూ పొద్దున్నే కొవ్వొత్తి ముందు కూర్చున్నారు. పదిరోజులకు మనసు నిజంగానే కుదుటపడింది. చేతిలో గడియారం ముగించందే ఇంకోటి ముట్టడం లేదు. మరలు మాత్రం గిన్నె పక్కనే పడుతున్నాయి.

ఒకరోజు టీ తెచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ, పెళ్లయి ఇన్నేళ్లలో నాకొక్కసారైనా కన్నుకొట్టారా? కొవ్వొత్తికి కొడుతున్నారా?"

"నేనెక్కడ కొట్టానే!"

"ఎడమకన్ను మూసుకుని కూర్చున్నారుగా! అదేం పాపం చేసింది?"

పాడు అలవాటు! పదిరోజులూ ఒంటికంటితోనే చూశారు. నవ్వుకుంటూ కుడికన్ను మూసి ఎడమది తెరిచారు. నవ్వు ఆగిపోయింది. మంట దూదిపింజలా ఉంది.

"ఏమే, ఇక్కడ పొగేమైనా ఉందా?"

"లేదండీ."

కళ్ల డాక్టరమ్మ లైటు వేసి చూసి, శుక్లం అంది. "ఎప్పుడూ మూసే ఉంచుతారు గనక మీకు తెలియలేదు. ఒక కన్ను సరిగా కనిపించకపోతే చేతి దూరం అంచనా తప్పుతుంది."

"త్రాటకంతో కరగదా అమ్మా?"

"కరగదు, కళ్లజోడూ పోదు. మనసు కుదురుతోందంటే కాసేపు చేసుకోండి, కళ్లు మండేదాకా మాత్రం వద్దు. శుక్లం సంగతి నాకొదిలేయండి."

ఆపరేషనయి కట్టు విప్పాక ఆయన ఇంటి గోడకేసి చూసి, "సున్నం ఎప్పుడు వేయించావే?" అన్నారు.

"ఏడేళ్లయింది! ఇక నావైపు చూడకండి బాబూ, ముడతలన్నీ కనిపిస్తాయి."

నెల తిరిగాక బల్ల దగ్గర కూర్చుని మరను గిన్నెలో వేశారు. టింగుమంది. ఇంకోటి వేశారు. ఆ పూట బాగానే నడుస్తున్న తన సొంత గడియారాన్ని కూడా విప్పేశారు, ఆ చప్పుడు వినడానికే.