తెల్లకొంగ పక్కన పసుపు తల

2022 మార్చి. కడపలో ఒక ప్రైవేటు కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. అంటే డాక్టరు చూసే ముందు చూపు కొలిచి, ఏ అద్దం సరిపోతుందో తేల్చే మనిషిని. ఆ పనిలో నా అంచనా తప్పదని నాకు కొంచెం గర్వం. అది ఊరికే రాలేదు లెండి.

ఆ రోజు బద్వేలు నుంచి ఎస్తేరమ్మగారు వచ్చారు. రిటైరైన నర్సు. మెడలో బైనాక్యులర్ అలాగే వేలాడుతోంది. రోజూ పొద్దున్నే చెరువు దగ్గర తిరిగి, కనబడిన పక్షుల సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఆమె అలవాటు. స్లిట్ ల్యాంప్ అనే యంత్రం కంటి లోపలిని పెద్దది చేసి చూపిస్తుంది. అందులో చూస్తే రెండు కళ్లలోనూ శుక్లం తేనెరంగుకు తిరిగి ఉంది.

చెప్పగానే ఆమె ముఖం చిన్నబోయింది. "అయితే వాళ్లన్నదే నిజం. నేనే పొరపాటు పడింటా."

సంగతేమిటంటే, చలికాలం మన దగ్గర గడిపిన పక్షులు ఎండలు ముదిరేలోగా ఉత్తరానికి వెళ్లిపోతాయి. అలా వెళ్లబోయే సిట్రిన్ వాగ్‌టెయిల్ ఒకటి ఆమెకు కనబడింది. నీటి అంచున తోకాడిస్తూ తిరిగే చిన్న పిట్ట అది. మగదానికి ఈ కాలంలో తలంతా పసుపు తేలుతుంది. మా వైపు అరుదు. ఆమె దగ్గర ఫొటో లేదు. "తెల్ల ముఖముండే మామూలు వాగ్‌టెయిల్‌ను చూసుంటారు, శుక్లం వల్ల తెలుపు పసుపుగా కనబడుతుంది" అని గ్రూపులో ఒక లెక్చరరు తీర్పు చెప్పేశాడట.

"ఇంక గ్రూపులో నుంచి తప్పుకుంటా మేడమ్. ఇన్నేండ్లు నేను పెట్టినవన్నీ ఇట్లాంటివే అనుకుంటారు."

నాకు ఒళ్లు మండింది. రోగిని చూడకుండానే రోగం చెప్పేవాళ్లంటే నాకు పడదు.

"ఆ పిట్ట పక్కన ఇంకేమన్నా ఉండెనా?" అని అడిగాను.

"తెల్లకొంగ ఉండె. శానా దగ్గర్లోనే."

"అది ఏం రంగులో కనపడె?"

"తెల్లగానే. రోంత మాసినట్ల."

"మరి పిట్ట తల?"

"పసుపు కొమ్మే మేడమ్!"

"అయితే మీ శుక్లం కొంగను విడిచిపెట్టి, పిట్టకొక్కదానికే పసుపు పూసిందా?"

ఆమె ఒక క్షణం ఆలోచించి పకపకా నవ్వింది. శుక్లం రంగుటద్దం లాంటిది. పూస్తే అన్నిటికీ పూస్తుంది.

అయినా నర్సు కదా, నా మాటతో సరిపెట్టుకోలేదు. "నా కన్నుతో నేను చూడాల" అంది. ముందు కుడికంటికి ఆపరేషను జరిగింది. కట్టు విప్పగానే ఆమె చూసింది తన తెల్లచీరనే. "అయ్యో, ఇంత నీలిమందు పెట్టుకోని చర్చికి పోతాండానా! ఒక్కరన్నా చెప్పలేదే!" శుక్లం పసుపు కింద ఇన్నాళ్లూ ఆ నీలం ఆమెకు కనబడనే లేదు.

దుమ్ము తగలకుండా కొన్నాళ్లు ఇంట్లోనే ఉండమన్నారు డాక్టరు. ఈలోగా పిట్ట వెళ్లిపోతుందేమోనని ఆమెకంటే నాకే బెంగ పట్టుకుంది. బయటికి వెళ్లొచ్చన్న రోజు పొద్దున్నే ఫోను వచ్చింది.

"ఉండాది మేడమ్! కొత్త కన్ను మూసి చూసినా, పాత కన్ను మూసి చూసినా. ఎట్ల చూసినా పసుపే! ఆ లెక్చరరు ఆదివారం వస్తాడంట. చర్చిలో ఆరాధన అయ్యేదాకా చెరువుకట్ట మీద కాచుకోమన్నా."

అప్పటినుంచి ఎవరైనా నాకిలా కనబడింది అంటే, ముందే కంటి మీద నేరం మోపను. పక్కన ఏముందో అడుగుతాను. చాలామంది సరిగ్గానే చూసి ఉంటారు. నలుగురూ కాదన్నారని, చూసినదాన్ని వదులుకోవడానికి మా దగ్గరికి వస్తారు.