పాలు పొంగితేనే ఇల్లు

మా డ్రాయింగ్ అక్క పోయిందని ఉదయం ప్రార్థన ముగిశాక హెడ్మాస్టరుగారు పిల్లలకు చెప్పారు. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. నాకు మాత్రం ఆమె మిద్దె మీద ఎండబెట్టిన అట్టముక్కలు గుర్తొచ్చాయి. వాటిని ఎవరైనా లోపల పెట్టారో లేదో అనుకున్నాను.

తిరుపతిలో మావి పక్కపక్క ఇళ్లు. ఒకే బడిలో నేను లెక్కలు చెప్తే ఆమె బొమ్మలు వేయించేది. పెళ్లి శుభలేఖలు, అగ్గిపుల్లలు, ఎర్రమన్నుతో జానెడు గదులు కట్టి, నిజమైన ఇళ్లలా కనబడేట్టు ఫోటోలు తీసేది. పెళ్లికి పిలిస్తే భోజనం మీద కంటే శుభలేఖ అట్ట మీదే ఆమె కన్ను. ఆ గదుల్లో ఒక్క మనిషి బొమ్మా ఉండేది కాదు. మనుషులేరీ అని అడిగితే, పని మీద పోయినారు, వస్తార్లే అనేది.

ఏ గది కట్టినా గృహప్రవేశం చేయాల్సిందే, అదీ ఆమె పట్టింపు. వేలెడు గడపకు పసుపు రాసి, చిట్టి పొయ్యి మీద సీసామూత గిన్నె పెట్టి, సబ్బు నురగతో పాలు పొంగించేది.

"పాలు పొంగిందాకా అది అట్టపెట్టేనే. పొంగినాకనే ఇల్లు," అనేది.

నేను అద్దం పట్టుకుని ఎండను ఆ కిటికీలోకి మళ్లించాలి. నురగ కూలేలోగా ఆమె ఫోటో తీయాలి. నా చెయ్యి కదిలిందా, తిట్లే.

ఒక ఏడు ఊళ్లో ఫోటోల పోటీ పెట్టారు. అక్క తన వంటింటి ఫోటో తీసుకుపోయింది. పోటీ పెట్టినాయన మర్యాదస్తుడే గానీ, పిల్లల ఆటను పోటీలో పెట్టలేమన్నాడు. అక్క ముఖం మాడిపోయింది. అయినా కదల్లేదు. అట్టతో కట్టిందని రాయకుండా ఒక్క రోజు గోడకు తగిలించండి, చూసేవాళ్లకు ఇల్లు కనబడకపోతే నేనే తీసుకుపోతానంది. ఆయన తప్పదన్నట్టు చెప్పులు విడిచే చోట తగిలించాడు.

మధ్యాహ్నం దాకా ఎవరూ దాని ముందు ఆగలేదు. అక్క గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. అప్పుడొచ్చింది పాకాల నుంచి ఒక ముసలమ్మ, కొండ మీద తలనీలాలిచ్చి, గుండుకు గంధం పూసుకుని. చెప్పులు విడుస్తూ ఫోటో చూసి ఆగిపోయింది. అది ఫోటో అని ఆమెకు తెలుసు. అయినా ఆ పాలు చూస్తూ ఊరుకోలేకపోయింది.

"ఎవురమ్మా ఈ ఇంటామె? పాలు పొంగిపోతా ఉండాయి, యాడికి పొయ్యింది?"

"నేనేమ్మా," అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ. "ఈడనే ఉండాను."

పోటీ పెట్టినాయన అంతా విన్నాడు. తన చేతులతోనే ఆ ఫోటో తీసి వాకిలికి ఎదురుగా తగిలించాడు. సాయంత్రం మొదటి బహుమతి దానికే. నాకే వచ్చినంత గర్వంతో దారిపొడవునా కనబడిన వాళ్లందరికీ చెప్పాను. అక్క మాత్రం ఇంటికొచ్చీ రాగానే కొత్త గదికి అట్ట కత్తిరించడం మొదలుపెట్టింది.

కర్మలయ్యాక ఆమె చెల్లెలు నన్ను మిద్దె మీదికి తీసుకెళ్లింది. అట్టముక్కలు భద్రంగా లోపలే ఉన్నాయి. బల్ల మీద ఒక గది పూర్తయి ఉంది. అక్క గడపకు పసుపు కూడా రాసింది. గిన్నె ఒక్కటే ఖాళీ.

చెల్లెలి చేతికి అద్దమిచ్చాను. సబ్బు నురగ తీసి గిన్నెలో పోశాను. కిటికీలోంచి ఎండ పడింది. నురగ అంచు దాటి పొయ్యి మీదికి జారింది.

"పొంగినాయక్కా," అన్నాను, వీధిలోకి వినబడేంత గట్టిగా.