ఇటుక మీద ఆకు

ఆఫీసు పని మీద నిడదవోలు వచ్చి పది రోజులైంది. సాయంత్రం ఎస్టీడీ బూత్‌లో తప్ప నోరు విప్పి మాట్లాడింది లేదు. ఊసుపోక కాలవగట్టున నడుస్తుంటే, ఇటుకల బట్టీ పక్కన రేకుల షెడ్డులో పాఠం వినిపించి ఆగాను. ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలకి ఒక టీచరమ్మ ఆకులు చూపిస్తూ, వాటి పేర్లు ఒడియాలోనూ తెలుగులోనూ బోర్డు మీద రాస్తోంది.

"లెక్కలు ఎలాగోలా నెట్టుకురావచ్చండి. చెట్లు మాత్రం వాళ్ళమ్మ చెప్పిన పేరుతోనే మొదలెట్టాలి," అంది నన్ను చూసి.

అందరూ ఆకులు తెస్తే ఒక పిల్ల కాలిన ఇటుక తెచ్చింది. దాని మీద ఈనెలతో సహా ఆకు అచ్చు. ఊరి నుంచి అన్నం కట్టుకొచ్చిన విస్తరాకును పచ్చి ఇటుక మీద అదిమిందట.

"శాళ," అంది ఆ పిల్ల ఒడియాలో.

టీచరమ్మ ఒడియాలో రాసి, తెలుగు వైపు ఖాళీ వదిలేసింది. "ఇక్కడ లేని చెట్టండి. నాకూ తెలీదు."

"గుగ్గిలం చెట్టు," అన్నాను. మాది శ్రీకాకుళం కొండల వైపు. నిడదవోలు వచ్చాక నా మాట ఒకరికి అక్కరకు రావడం అదే మొదలు.

పాఠం అయ్యాక ఆ పిల్ల ఇటుకను తీసుకెళ్ళి, లారీకి ఎత్తే వరసలో పెట్టేసింది.

"దాచుకోవా?" అన్నాను.

"ఇటుక మాది కాదండి. ఆకే మాది."

ఇప్పటికీ సిమెంటు పూయని గోడ కనబడితే దగ్గరకెళ్ళి చూస్తాను.